ఇరుగుపొరుగు శరణాలయములు

కోస్తా జిల్లాలలోని రైతునకు తుపాను కొత్తది కాదు. ఆకాశము నల్లబడి, తూర్పుగాలి హోరున వీచి, ఏరు పొంగి ఊరిమీదికి వచ్చుచున్నదన్న కబురు వినగానే అతడు చేయు పనులలో మొదటిది పశువులపాకకు పోయి పలుపులు విప్పుట. గుంజకు కట్టియుంచిన పశువు నీటిలో మునిగి చచ్చును. విప్పి విడిచినచో ఈదియో, మెరక వెదకికొనియో బ్రతుకవచ్చును. తన దారి తాను చూచుకొనుటకు ముందు నోరులేని జీవమునకొక దారి చూపవలెనన్నది మన పల్లెలలో పెద్దలు నేర్పిన ధర్మము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు ఆ పలుపులు విప్పుటకైనను వ్యవధి లేకపోయెను. వేలకొలది మనుష్యులతో పాటు లెక్కకు మిక్కిలియైన పశువులును ఆ ఉప్పెనలో నశించెను.

అయితే పలుపు విప్పినంతమాత్రమున పశువు కష్టము తీరునా? అది చేరుకొనుటకు ఎక్కడనో ఒక మెరక ఉండవలెను గదా! పట్టణములలో ఇండ్లయందు పెరుగు కుక్కలకును, పిల్లులకును, జంతుశరణాలయములలో తలుపులు మూసిన గదులయందుండు జీవులకును అట్టి మెరక ఏది? ఈ ప్రశ్నకు అమెరికా దేశములోని న్యూ ఆర్లియన్స్, హ్యూస్టన్ అను రెండు నగరముల శరణాలయములు తమ నడవడిచే ఒక సమాధానము చెప్పినవి. ఆ కథయే ఈ పాఠము.

దిక్కులేని కుక్కలను, పిల్లులను, గాయపడిన జీవులను చేరదీసి, తిండి పెట్టి, చికిత్స చేయించి, పెంచుకొనగోరు కుటుంబములకు అప్పగించు సంస్థను జంతుశరణాలయమందురు. మన దేశమున ముసలి పశువులను పోషించు గోశాలలు పూర్వమునుండియు కలవు. ఇంగ్లండులో 1824వ సంవత్సరమున జంతుహింసా నివారణ సంఘము పుట్టెను. 1860లో మేరీ టీల్‌బీ అను స్త్రీ లండను నగరమున దిక్కులేని కుక్కలకొక ఆశ్రయమును నెలకొల్పెను. అది తరువాత బాటర్సీ అను పేటకు మారి నేటికిని నడచుచున్నది. అమెరికాలో 1866లో హెన్రీ బెర్గ్ అను నతడు న్యూయార్కున జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. మన దేశమున రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో సలిపిన కృషి ఫలించి 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్ సంస్థయు, విశాఖపట్టణమున 1996లో జంతురక్షణ సంఘమును ఏర్పడినవి.

దేశములు వేరైనను ఈ సంస్థలన్నింటి కష్టము ఒక్కటే. గదులు కొన్ని, వచ్చు జీవులు అనేకము. ఏబది గదులున్న శరణాలయము వాకిట ఏబదియొకటవ కుక్క వచ్చి నిలిచినపుడు నిర్వాహకుడేమి చేయవలెను? దానిని వీధిలోనికి తరిమివేయుట దయ కాదు. ఒక గదిలో రెండింటిని కుక్కినచో అవి కరచుకొనును. ఒకదాని జబ్బు వేరొకదానికి అంటుకొనును. చోటు చాలకపోవుటచేతనే ఆరోగ్యముగానున్న జంతువులకు సైతము మందిచ్చి ప్రాణము తీయు దుఃస్థితి అనేక శరణాలయములకు పట్టినది. ఆ పని చేయువారు కఠినచిత్తులు కారు. దయచేతనే ఆ కొలువున చేరినవారు. చోటులేమిచేత ఆ పనికి తలవంచినవారు. కావున జంతుశరణాలయమున చోటు అనగా ప్రాణమనియే అర్థము.

ఒక ఊరి శరణాలయమున చోటు లేని దినమున పొరుగూరి శరణాలయమున నాలుగు గదులు ఖాళీగా ఉండవచ్చును. ఆ నాలుగు గదుల సంగతి ఈ ఊరివారికి తెలియవలెను. జంతువులను అచ్చటికి చేర్చుటకు బండి కావలెను. అచ్చటివారు వానిని స్వీకరింపవలెను. ఈ మూడును కుదిరిననాడు కొత్త కట్టడమేమియు లేకయే నాలుగు ప్రాణములకు చోటు దొరకును. శరణాలయముల పొత్తునకు మూలసూత్రమిదియే. వినుటకు ఇది మిక్కిలి సులభముగా తోచును. ఆపద వచ్చిననాడుగాని దాని విలువ తెలియదు.

న్యూ ఆర్లియన్స్ నగరము లూసియానా రాష్ట్రమున మిసిసిపి నదీతీరమున ఉన్నది. ఒక ప్రక్క మహానది. మఱియొక ప్రక్క పాంచర్‌ట్రైన్ అను పెద్ద సరస్సు. నగరములో చాల భాగము సముద్రమట్టముకంటె పల్లమున నుండుటచే, కరకట్టలే ఆ నగరమునకు కోటగోడలు. 2005వ సంవత్సరము ఆగస్టు నెలలో కత్రీనా అను పెనుతుపాను పుట్టి, ఫ్లారిడా రాష్ట్రమును దాటి, మెక్సికో అఖాతమున బలము పుంజుకొని, న్యూ ఆర్లియన్సు వైపునకు తిరిగెను. ఆగస్టు 28వ తేదీన నగరాధిపతి ప్రజలందరును ఊరు విడిచిపోవలెనని ఆజ్ఞాపించెను.

ఆ నగరమున జంతుహింసా నివారణ సంఘమువారి శరణాలయమొకటి ఉండెను. ఆ సమయమున దానిలో 263 జంతువులు ఉండెను. నిర్వాహకులు తుపాను దిశను కనిపెట్టుచు ఉండిరి. అవకాశముండగనే అన్ని జంతువులను వాహనములకెక్కించి పడమరగా సాగిరి. వారి గమ్యము టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్. అది సుమారు 560 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అచ్చటి జంతుహింసా నివారణ సంఘమువారు ఆ 263 జంతువులను తమ శరణాలయమున చేర్చుకొనిరి.

ఆగస్టు 29వ తేదీ వేకువన తుపాను తీరమును దాటెను. కరకట్టలు తెగెను. నగరమున నూటికి ఎనుబది పాళ్లు నీట మునిగెను. ఆ నీటిలో జంతుశరణాలయమును పాడుపడిపోయెను. 263 జంతువులును ఆనాడు తమ గదులలోనే ఉండియుండినచో వాని గతి ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. పలుపు విప్పిన చేయి న్యూ ఆర్లియన్సులో నుండెను. మెరక హ్యూస్టనులో నుండెను. ఆ రెండింటికిని ముందుగనే చెలిమి కుదిరియుండుటచే ఆ జీవులు బ్రతికినవి.

కాని కథ యంతయు ఇంత చల్లగా జరుగలేదు. శరణాలయమున నున్న దిక్కులేని జంతువులు బయటపడినవి గాని, యజమానులున్న జంతువులు వేలకొలదిగా ఊరిలోనే చిక్కుకొనెను. ఇది వింతగా తోచవచ్చును, కారణము తెలిసికొనుడు. ప్రజలను తరలింపవచ్చిన బస్సులలో జంతువులకు చోటు లేదనిరి. మనుష్యులకై తెరచిన శిబిరములలో జంతువులను రానీయలేదు. పెక్కుచోట్ల పడవలవారును అట్లే చెప్పిరి. రెండు మూడు దినములలో తిరిగివత్తుమనుకొని కొందరు తమ కుక్కకు గిన్నెలో నీరుంచి, తిండి పోసి, తలుపు వేసి పోయిరి. వారాలు గడచినను వారు తిరిగిరాలేకపోయిరి.

మఱికొందరు తమ జంతువులను విడిచి కదలమని మొండిపట్టు పట్టి నీటినడుమ మిద్దెలమీదనే నిలిచిరి. అట్లు నిలిచినవారు వెఱ్ఱివారని కొందరనిరి. కాని ఒంటరి వృద్ధురాలికి ఇంట తోడుగానున్నది ఒక్క కుక్కయే యైనపుడు, దానిని విడిచి రమ్మనుట కన్నబిడ్డను విడిచి రమ్మనుటతో సమానము కాదా? ఆ తుపానునకు ప్రాణములు కోల్పోయినవారు వేయిమందికి పైగానున్నారు. పెంపుడు జంతువును రక్షింపకున్న మనుష్యుని సైతము రక్షింపలేమన్న సత్యము ఆనాడు అధికారులకు తెలిసివచ్చెను.

ఆ దినములలో ఒక బాలుని వార్త పత్రికలలో వచ్చెను. నగరములోని సూపర్‌డోమ్ అను మహాక్రీడామందిరమున వేలమంది తలదాచుకొనిరి. వారిని బస్సులలో ఎక్కించుచుండగా, ఒక చిన్నపిల్లవాని చేతిలోని తెల్లని కుక్కపిల్లను ఒక పోలీసు ఉద్యోగి తీసివేసికొనెను. దాని పేరు స్నోబాల్. మంచుముద్ద అని అర్థము. బాలుడు ఆ పేరునే పిలుచుచు, వాంతి యగువరకు ఏడ్చెనని విలేఖరి వ్రాసెను. ఇల్లు మునిగినది, ఊరు మునిగినది. వాని చేతిలో మిగిలినది ఆ కుక్కపిల్ల యొక్కటియే. ఈ చిన్నవార్త చదివి దేశమంతట జనులు కన్నీరు పెట్టుకొనిరి.

తరువాత సహాయమునకై జనులు నలుదిక్కులనుండి తరలివచ్చిరి. న్యూ ఆర్లియన్సుకు దాదాపు నూరు కిలోమీటర్ల దూరమున గొంజాలెస్ అను ఊర, గుఱ్ఱముల ప్రదర్శనలకై కట్టిన లామార్-డిక్సన్ ప్రాంగణమును జంతువుల శిబిరముగా మార్చిరి. గుఱ్ఱపుసాలలే కుక్కలకు గదులయ్యెను. బాటన్ రూజ్ నగరమున లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పశువైద్యులును, విద్యార్థులును ఊరు విడిచివచ్చిన కుటుంబముల జంతువులకు ఆశ్రయమిచ్చిరి. మిసిసిపి రాష్ట్రమున టైలర్‌టౌన్ వద్ద మఱియొక శిబిరము వెలసెను. పడవలమీద పోయి, మూతపడిన తలుపులు పగులగొట్టి, జంతువులను వెలికిదీసి తెచ్చువారు కొందరు. వానికి స్నానము చేయించి మందులిచ్చువారు కొందరు. శిబిరములు నిండిపోగా, దూర రాష్ట్రముల శరణాలయములవారు లారీలు పంపిరి, విమానములును వచ్చినవి. వేలకొలది ప్రాణములు ఇట్లు దక్కినవి.

అయినను ఇచ్చట ఒక లోపమును గుర్తింపవలెను. హ్యూస్టనుకు పోయిన 263 జంతువుల విషయమున తావు ముందుగనే నిశ్చయమై యుండెను. ఎవరు పంపిరో, ఎవరు స్వీకరించిరో ఉభయులకును తెలియును. తరువాత తీసిన వేల జంతువుల విషయమున అట్టి ఏర్పాటు లేదు. అపరిచితులైన సంస్థలు ఆపదలో తొందరపడి చేయి కలిపినవి. చాల జంతువుల మెడలో పేరుబిళ్ల లేదు. ఏ వీధిలో ఏ ఇంట దొరకినదో కొన్నింటికి వ్రాయనే లేదు. ఒక నగరపు కుక్క వేయి మైళ్ల దూరమునకు పోయి కొత్త యింట చేరెను. దాని యజమాని ఇంకొక నగరమున శిబిరములో కూర్చుండి దానినే వెదకుచుండెను. చిత్రములతో కూడిన జాబితాలను కంప్యూటరులలో ఉంచి కొందరిని కలిపిరి గాని, తిరిగి ఇల్లు చేరిన జంతువులు స్వల్పభాగమే. ఒకే కుక్కకై పాత యజమానియు, కొత్త యజమానియు న్యాయస్థానముల కెక్కిన సందర్భములును కలవు. సహాయమునకు దయ ప్రాణము. కాని లెక్కయు, క్రమమును దానికి కాళ్లుచేతులు.

ఈ అనుభవము వృథా కాలేదు. జంతువులను తరలించుటకు సంబంధించిన చట్టమొకటి అమెరికాలో 2006వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన అమలులోనికి వచ్చెను. విపత్తు వచ్చినపుడు కేంద్ర సహాయము కోరు రాష్ట్రములు, నగరములు తమ ప్రణాళికలలో పెంపుడు జంతువులను కలిగిన కుటుంబముల సంగతిని కూడ చేర్చవలెనని ఆ చట్టము శాసించుచున్నది. 2008లో గుస్తావ్ అను తుపాను వచ్చినపుడు న్యూ ఆర్లియన్సు నగరము తన ప్రజలను వారి పెంపుడు జంతువులతో పాటు తరలించెను. మూడేండ్ల క్రిందట బాలుని చేతినుండి కుక్కపిల్లను లాగివేసిన ఊరు, ఈసారి కుక్కపిల్లకు కూడ దారి చూపెను.

2017వ సంవత్సరము ఆగస్టులో కాలచక్రము తిరిగెను. హార్వే అను తుపాను టెక్సాసు తీరమును తాకి, కొన్ని దినములు ఎడతెగని వర్షము కురిపించి, హ్యూస్టను నగరమునే ముంచెను. ఒకనాడు పొరుగువారికి మెరకయైన ఊరికి ఇపుడు మెరక కావలసివచ్చెను. అపుడు చేసిన ఏర్పాటు గమనింపదగినది. వరదలో దొరకిన జంతువులను వెంటనే దూరదేశములకు పంపలేదు. అంతకుముందే శరణాలయములలో ఉండి, యజమానులు లేక, కొత్త యిల్లు కోరుచున్న జంతువులను ఇతర రాష్ట్రముల శరణాలయములకు తరలించిరి. అట్లు ఖాళీయైన గదులలో వరదబాధితుల జంతువులను ఉంచిరి. కావున యజమాని వెదకుకొనుచు వచ్చినపుడు అతని కుక్క దగ్గరలోనే దొరకుట సులభమయ్యెను. 2005లో కన్నీటితో నేర్చిన పాఠము 2017లో ఇట్లు ఫలించెను.

ఈ పొత్తు విపత్తుల కాలమునకే పరిమితము కాదు. అమెరికాలో దక్షిణ రాష్ట్రముల శరణాలయములు తరచు క్రిక్కిరిసియుండును. ఈశాన్య రాష్ట్రములలో కుక్కలకు పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించు అలవాటు బాగుగా వ్యాపించుటచే, పెంచుకొనగోరువారికి కుక్కపిల్లలు దొరకుట అరుదు. ఇచ్చట కుటుంబములు వేచియున్నవి. అచ్చట జంతువులు వేచియున్నవి. ఈ రెంటిని కలుపుచు లారీలు క్రమముగా నడచుచున్నవి.

అయితే ఈ స్నేహమునకును కొన్ని నియమములు కలవు. జంతువును పంపువారు పశువైద్యునిచే పరీక్ష చేయించి, పిచ్చికుక్కకాటు వ్యాధికి టీకా వేయించి, ఆరోగ్యపత్రమును వెంట పంపవలెను. స్వీకరించువారు కొత్తగా వచ్చినవానిని కొంతకాలము వేరుగ ఉంచవలెను. మాసచూసెట్స్ రాష్ట్రమున ఇందుకు 48 గంటల గడువు విధించిరి. దక్షిణమున దోమకాటుచే కుక్కల గుండెలో చేరు పురుగులవ్యాధి ఎక్కువ. పరీక్ష లేకయే కుక్కలను తరలించినచో వానితో పాటు వ్యాధియు పయనించును. పొరుగువానికి జంతువును పంపవచ్చును గాని జబ్బును దాచి పంపరాదు. మఱియు లారీలు ఎన్ని నడచినను, పుట్టుకలను అదుపుచేయనిదే గదులు మరల నిండుచునే ఉండును. కావున మంచి పొత్తులో పంపిన ఊరికి శస్త్రచికిత్సలకు కావలసిన ధనమును, వైద్యులను సమకూర్చుటయు ఒక భాగము.

బాలబాలికలారా! తుపాను వచ్చిన దినమున స్నేహితుని వెదకబోవుట చాల ఆలస్యము. హ్యూస్టను వాకిలి ఆ దినమున తెరచుకొనుటకు కారణము, ఆ తలుపును ముందుగనే తట్టియుండుట. ఇది శరణాలయములకే కాదు, ఊళ్లకును, ఇండ్లకును వర్తించు నీతి. మన తూర్పుతీరమునకు తుపానులు రాక మానవు. మీ యింట కుక్కయో, పిల్లియో, ఆవో ఉన్నచో దానికొక గుర్తుబిళ్ల కట్టుడు. వరద వచ్చినచో దానిని ఎక్కడికి తోలుకొనిపోవలెనో, ఏ బంధువు ఇంట, ఏ మెరకమీద ఉంచవలెనో పెద్దలతో కూర్చుండి నేడే మాటలాడుడు. మీ ఊరికి దగ్గరలోని పశువైద్యశాల ఎచ్చటనున్నదో తెలిసికొనుడు. పొరుగువాని పాకలో కట్టియున్న దూడ సంగతి కూడ మరువకుడు.

పలుపు విప్పుటకు ఒక చేయి చాలును. విప్పిన జీవమును మెరక చేర్చుటకు మాత్రము రెండు ఊళ్లు కావలెను.

ప్రశ్నలు

1. వరద వచ్చునపుడు రైతు పశువుల పలుపులు విప్పుటకు కారణమేమి?
2. "జంతుశరణాలయమున చోటు అనగా ప్రాణము" అను మాటను వివరింపుము.
3. హ్యూస్టనుకు పంపిన 263 జంతువులకును, తరువాత వెలికితీసిన జంతువులకును జరిగిన ఏర్పాటులలో భేదమేమి?
4. హార్వే తుపాను సమయమున శరణాలయములలో ముందునుండియు నున్న జంతువులనే ఇతర రాష్ట్రములకు పంపుటకు కారణమేమి?
5. మీ ఊరికి వరద వచ్చునన్నచో మూగజీవుల రక్షణకై ఏయే ఏర్పాటులు చేయవలెనో ఒక పుటలో వ్రాయుము.